అటక మీది గ్రామఫోను ప్లేట్లు: కడగడం నుంచి వినడం దాకా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ... దక్షిణ ఒడిశాలో ఈ పట్టున పాత తెలుగిళ్ళలో అటక దులిపితే ఎక్కడో ఒకచోట ఓ రేకు పెట్టె బయటపడుతుంది. పైన సినిమా పాటలు, కింద నాటక పద్యాల సెట్లు, హరికథలు, మధ్యలో నాలుగు ఒడియా జణాణాలు (భక్తి గీతాలు). ఆ వెంటనే అందరూ అడిగేది ఒకటే: ఇవి ఇప్పుడు మోగుతాయా, దేని మీద పెట్టి వినాలి?

చాలావరకు మోగుతాయి. అటక మీద పట్టిన దుమ్మూ బూజూ చాలావరకు కడిగితే పోతాయి. కిందికి దించిన రోజే ఆత్రం కొద్దీ, తుడవకుండా, చేతికందిన ప్లేయరు మీద పెట్టేస్తారే, అదీ అసలు ప్రమాదం. సినిమా పాటలైతే ఫోన్‌లోనూ దొరుకుతాయి. పద్యాల సెట్టు పోతే మళ్ళీ ఎక్కడ వెతుకుతారు? అందుకని ఈ కింది వరస తప్పకండి.

కావలసినవి

- టర్న్‌టేబుల్. పెట్టెలో 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్లు) ఉంటే 78 వేగం ఉన్నదే కావాలి. ఇప్పుడు దొరికే చౌక మోడళ్ళలో చాలావాటికి 33⅓, 45 మాత్రమే ఉంటాయి. ఉదాహరణకి ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్‌లో 78 లేదు, ఎల్‌పీ120ఎక్స్‌లో ఉంది.
- ప్లేటుకి తగిన ముల్లు. ఎల్‌పీలకి (33⅓ వేగంతో తిరిగే వినైల్, అంటే ప్లాస్టిక్, ప్లేట్లు) ఒకటి, 78లకి వేరొకటి.
- ఫోనో ప్రీఆంప్, అంటే ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నలును పెంచి సరిచేసేది. కొన్ని ప్లేయర్లలో లోపలే ఉంటుంది.
- ఆంప్లిఫయరు, స్పీకర్లు. లేదా కరెంటుతో నడిచే స్పీకర్ల జత.
- ముల్లు ప్లేటు మీద మోపే బరువు చూసే చిన్న డిజిటల్ తూకం, 0.01 గ్రాము దాకా చూపేది.
- మేస్త్రీలు వాడే రసమట్టం, చిన్నది చాలు.
- డిస్టిల్డ్ వాటర్ 2 లీటర్లు. బ్యాటరీ షాపులో దొరుకుతుంది. నీళ్లే అడగండి, యాసిడ్ కలిపింది కాదు.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మి.లీ. వినైల్ ప్లేట్లకి మాత్రమే.
- గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు.
- కొత్త మైక్రోఫైబర్ గుడ్డలు మూడు, 2 అంగుళాల మెత్తటి పెయింటు బ్రష్షు, గిన్నెల స్టాండు, మాస్కు.

కుళాయి నీళ్లు వద్దు. అందులోని సున్నం ప్లేటు మీది గాడిలోనే ఎండిపోయి, దుమ్ము పోయినా పిటపిట మిగులుతుంది. ఏసీ నుంచి కారే నీళ్లు శుభ్రమైనవే కదా అనుకుంటారు కొందరు. అందులో ఏసీ దుమ్మూ, బూజూ అన్నీ ఉంటాయి.

1. ముందు ప్లేట్లను వేరు చేయండి

సైజు చూసి తేల్చేయకండి. 10 అంగుళాల ఎల్‌పీలు ఉన్నాయి, 7 అంగుళాలదే అయినా 33⅓లో తిరిగేవీ ఉన్నాయి. ముందు లేబుల్ మీద వేగం రాసుందేమో చూడండి. లేకపోతే గోరుతో అంచు మీద తట్టండి. పింగాణీలా ఠంగుమంటే అది లక్క ప్లేటు, అంటే 78. ముదురు చప్పుడు వచ్చి, పట్టుకుంటే కాస్త వంగుతుంటే వినైల్. ఇంకో గుర్తు: 78లో సాధారణంగా ఒక వైపు ఒకటే పాట, మూడు నిమిషాలకు అటూ ఇటూ. గాళ్ళు కూడా కంటికి ఆనేంత వెడల్పుగా ఉంటాయి.

ఎల్‌పీ 1948లో అమెరికాలో వచ్చింది. అయినా మన దేశంలో 1960ల్లోనూ 78లు అచ్చవుతూనే ఉన్నాయి. కాబట్టి "మా తాతగారు కొన్నవి మరీ పాతవేమీ కావు" అన్నంత మాత్రాన అవి ఎల్‌పీలు అయిపోవు.

అంచు విరిగినవి, వెంట్రుకవాసి పగులు ఉన్నవి పక్కన పెట్టండి. పగులు మీదుగా పోతే ముల్లు మొన విరగొచ్చు.

2. కడగడం

ఈ పనికి ఒక పూట కేటాయించుకోండి. ఒక విడతకి పది ప్లేట్లు మించకుండా చేస్తే చేయి తొందరపడదు.

గోపాల్‌పూర్ సముద్ర తీరానికి ఎంత దగ్గరుంటే అంత బూజు. తెల్లగా, సాలెగూడు పోగుల్లా గాళ్ళ మీద అల్లుకుని ఉంటుంది. ఇలాంటివి ఇంట్లో దులపకండి. మాస్కు కట్టుకుని పెరట్లోనో మేడ మీదో పొడి బ్రష్షుతో ముందు తుడవండి. అట్ట కవరుకి కూడా బూజు పట్టి ఉంటే రెండు వైపులా ఫొటో తీసుకుని, కవరును వేరే సంచిలో పెట్టేయండి. కడిగిన ప్లేటును మళ్ళీ అందులోకి దూర్చితే నెలలో కథ మొదటికొస్తుంది.

వినైల్‌కి: డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., ఐసోప్రొపైల్ 100 మి.లీ., లిక్విడ్ 2 చుక్కలు.

లక్క ప్లేట్లకి: డిస్టిల్డ్ వాటర్ 1 లీటరు, లిక్విడ్ 2 చుక్కలు. అంతే. స్పిరిట్ గానీ, ఆల్కహాల్ గానీ, శానిటైజర్ గానీ ఒక్క చుక్క కూడా తగలనీయకండి. వడ్రంగులు పాలిష్ కోసం లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే. అది తగిలితే గాడి కరిగి మొద్దుబారిపోతుంది, ఇక తిరిగి రాదు. ఒకవేళ ఏ ప్లేటు ఏదో తేల్చుకోలేకపోతే అన్నింటికీ ఆల్కహాల్ లేని నీళ్లే వాడండి. వినైల్‌కి దానివల్ల నష్టమేమీ లేదు, జిడ్డు పోవడానికి రెండోసారి కడగాలి, అంతే.

చేసే పద్ధతి ఇదీ:

పెరుగు డబ్బా మూతలు రెండు, లేబుల్‌ను కప్పేంతవి, రెండు వైపులా అదిమి పట్టండి. లేబుల్ తడిస్తే రంగు కారుతుంది, ఊడిపోతుంది కూడా. ప్లేటును శుభ్రమైన మెత్తటి తువ్వాలు మీద పెట్టి, బ్రష్షును నీళ్లలో ముంచి గాడి తిరిగినట్టే గుండ్రంగా తిప్పండి. నడిమి నుంచి అంచుకి అడ్డంగా గీకకండి. ఒక్కో వైపు అయిదారు చుట్లు. తర్వాత మొదటి గుడ్డతో తడి తీసి, వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి బ్రష్షు తిప్పి, రెండో గుడ్డతో తుడవండి. ఈ రెండో విడత మానేసేవాళ్ళే ఎక్కువ. సబ్బు గాడిలో మిగిలిపోతే ముల్లుకి తెల్లటి ముద్దగా అంటుకుంటుంది.

లక్క ప్లేటును నీళ్లలో నానబెట్టకండి. అందులో లక్కతో పాటు రాతి పొడి లాంటి పూరకాలు కలిసి ఉంటాయి, అవి నీరు పీలుస్తాయి. తడిపారా, నిమిషంలో తుడిచేయాలి. వేడినీళ్లు దేనికీ వద్దు.

గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. రెండు మూడు గంటలు చాలు, శ్రావణ భాద్రపదాల్లో అయితే రాత్రంతా. ఎండలో పెడితే ప్లేటు అప్పడంలా వంకర తిరుగుతుంది. కారు వెనక సీటు, రేకుల షెడ్డు కూడా అంతే.

కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని, కిరసనాయిలుతో తుడిస్తే మచ్చలు పోతాయని చెప్పేవాళ్ళున్నారు. మెరుస్తుంది, నిజమే. ఆ మెరుపు మీద వారంలో దుమ్మంతా అతుక్కుంటుంది.

కడిగింది సరిగ్గా ఉందా లేదా తెలియాలంటే టార్చిలైటును ప్లేటు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. నల్లగా తళతళలాడితే బాగున్నట్టు. కడిగినా గాళ్ళు బూడిద రంగులోనే ఉంటే అది మురికి కాదు, ఒకప్పుడు బరువైన ముల్లు కింద అరిగిపోయిన గుర్తు. మళ్ళీ మళ్ళీ కడిగి లాభం లేదు.

3. ముల్లు, ప్లేటు జత కలపండి

ఇక్కడ ఆగి చదవండి. ఎల్‌పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు, 78 ముల్లు మొన 75 మైక్రాన్లు. 78 మీద ఎల్‌పీ ముల్లు పెడితే అది గాడి అడుగుకి దిగి అక్కడి చెత్తను గీరుతూ పోతుంది. పాట సన్నగా, గరగర ఎక్కువగా వినిపిస్తుంది. అదే ఎల్‌పీ మీద 78 ముల్లు పెడితే గాడి అంచులు చెక్కుకుపోతాయి. మొదటిది వినడానికి బాగోదు, రెండోది ప్లేటునే తినేస్తుంది.

ఆడియో టెక్నికా వీఎం95 తరహా కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చే చిన్న దిమ్మ) ఉంటే ముల్లు ఒక్కటే లాగి మార్చుకోవచ్చు: ఎల్‌పీలకి 95ఈ, 78లకి 95ఎస్‌పీ. బరువు మాత్రం వేరు, 95ఈకి 2 గ్రాములు, 95ఎస్‌పీకి 5 గ్రాములు. ముల్లు మార్చి బరువు మార్చడం మరిచిపోతే మొదటికే మోసం.

ఇంట్లో పాత హెచ్‌ఎంవీ ఫియస్టా, కాలిప్సో లాంటివి ఉంటే వాటికి సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉండొచ్చు. కొన్నింటిలో చిన్న మీట తిప్పితే ఒక వైపు 78 ముల్లు, ఇంకో వైపు ఎల్‌పీ ముల్లు వస్తుంది. మీట ఎటుందో ప్రతిసారీ చూడండి. ఆ ముల్లు ఎన్నాళ్ళదో తెలియకపోతే మార్చి తీరాలి. నీలమణి మొన అయితే 50 గంటలకే అరిగిపోతుంది. వజ్రం మొన 500 నుంచి 1000 గంటలు వస్తుంది.

కీ ఇచ్చి తిప్పే, బాకా ఉన్న గ్రామఫోను ఉంటే దాని మీద 78 లక్క ప్లేట్లు తప్ప వేరేవి పెట్టకండి. దాని ముల్లు బిగించే సౌండ్‌బాక్సు బరువు 100 గ్రాముల పైమాటే, వినైల్ ఒక్కసారికే పోతుంది. ఉక్కు ముల్లును ఒక వైపు మోగించాక పారేయాలి. పొదుపు చేస్తే అరిగేది ప్లేటే.

సూట్‌కేసు ఆకారంలో దొరికే చౌక ప్లేయర్ల సంగతి. రెండు మూడు కొత్త ఎల్‌పీలు సరదాగా వినడానికి పరవాలేదు. ముల్లు బరువు సర్దుకునే వీలు వాటిలో సాధారణంగా ఉండదు కాబట్టి ఇంట్లో ఒక్కటే ప్రతి ఉన్న ప్లేటుకి మా ఓటు దానికి కాదు.

4. ప్లేయరును కూర్చోబెట్టడం

పాత ఇళ్ళలో గోడలో బిగించిన కడప బండ అర ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. స్పీకర్లున్న బల్ల మీదే ప్లేయరును పెట్టకండి. శబ్దం బల్ల ద్వారా ముల్లుకి చేరి, వాల్యూమ్ పెంచగానే బోరుమని ఊళపెడుతుంది. రసమట్టం పళ్ళెం మీద పెట్టి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చూడండి. కాళ్ళు తిప్పే వీలు లేకపోతే కింద అట్టముక్కలు పెట్టినా సరే.

5. బరువు సరిచేయడం

వెనక తిరిగే బరువు ఉన్న ప్లేయర్లకే ఇది. ఎల్‌పీ60ఎక్స్ లాంటివాటికి ఫ్యాక్టరీలోనే పెట్టేసి ఉంటుంది, వదిలేయండి.

యాంటీ స్కేట్‌ను (ముల్లు నడిమి వైపు లాక్కుపోకుండా ఆపే మీట) సున్నాలో పెట్టండి. ముల్లు మూత తీసి, ప్లేయరు చేయి (ముల్లును మోసే కడ్డీ) ఎటూ వాలకుండా గాల్లో తేలేలా వెనక బరువును తిప్పండి. తేలిందా, ఇప్పుడు అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకి తిప్పండి, బరువు కదలకూడదు. తర్వాత రెండింటినీ కలిపి 2 దాకా తిప్పండి. తూకం మీద ముల్లు దించి సరిచూడండి. 1.8 నుంచి 2.2 మధ్య ఉంటే 95ఈకి సరిపోతుంది. యాంటీ స్కేట్ కూడా 2.

78 ముల్లుకి 5 గ్రాములు కావాలి, చక్రం మీద అంత అంకె లేకపోతే బరువును ఇంకాస్త ముందుకు తిప్పి తూకం చూపినదాన్నే నమ్మండి.

"బరువు తగ్గిస్తే ప్లేటు అరగదు కదా" అని 1 గ్రాము పెడుతుంటారు. ముల్లు గాడిలో కుదురుగా నిలవక ఎగిరెగిరి పడుతుంది. ప్లేటుకి దెబ్బ అప్పుడే.

6. తీగలు

ప్లేయరు నుంచి ఎరుపు, తెలుపు తీగలు ప్రీఆంప్‌కి, అక్కడినుంచి ఆంప్లిఫయరుకి. పక్కన సన్నటి ఎర్తు తీగ ఉంటే ప్రీఆంప్ మీది మరకి బిగించండి. వదిలేస్తే పాట వెనక గుయ్‌మని ఒకటే రొద.

ప్రీఆంప్ ఒక్కసారే ఉండాలి. ప్లేయరు వెనక ఫోనో, లైన్ అని మీట ఉంటే లోపలి ప్రీఆంప్ ఉన్నట్టు. లైన్‌లో పెట్టి బయటి ప్రీఆంప్ కూడా తగిలిస్తే పాట పగిలిపోయినట్టు గోలగా వస్తుంది. అసలు ప్రీఆంప్ లేకపోతే లోతు లేకుండా, దోమ పాడినంత వినిపిస్తుంది. ప్లేటు పాడైందనుకుని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. పాత సిరామిక్ కార్ట్రిడ్జ్‌కి మాత్రం ఈ ప్రీఆంప్ అక్కర్లేదు.

7. వేగం చూసుకోండి

అంచు దగ్గర చిన్న కాగితం ముక్క అతికించి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టండి. 33⅓ అయితే 3 నిమిషాలకి సరిగ్గా 100 చుట్లు. 45 అయితే నిమిషానికి 45. ఒక చుట్టు తేడాని పట్టించుకోవద్దు, నాలుగైదు అయితే బెల్టు సాగినట్టే.

వేగం సరిగ్గా ఉంటే గీతలు ఆగినట్టు కనిపించే స్ట్రోబ్ కాగితం వాడేవాళ్ళు 50 హెర్ట్జ్‌ది అచ్చు వేసుకోండి, 33⅓ కి 180 గీతలు ఉంటాయి. ఎల్‌ఈడీ బల్బు కింద గీతలు ఆగినట్టు కనపడకపోవచ్చు. పాత ఫిలమెంటు బల్బు కావాలి.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన పాత ప్లేయరు అయితే జాగ్రత్త. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. వోల్టేజీకి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, కరెంటు లయకి తిరిగే మోటారు మన 50 హెర్ట్జ్ మీద ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. ఆడగొంతు మగగొంతు అవుతుంది.

చదరపు అలల ఇన్వర్టరు మీద నడిపితే స్పీకర్లలో జుయ్ మంటుంది. కరెంటు పోయినప్పుడు ముల్లు ఎత్తేసి, వచ్చాకే వినండి.

8. మోగించడం

వాల్యూమ్ తగ్గించి, పళ్ళెం తిరగనిచ్చి, పొడి బ్రష్షుతో ఒక చుట్టు దుమ్ము తీసి, మీటతో ముల్లు దించండి. చేత్తో దించడం అలవాటైనవాళ్ళు కూడా 78 ముల్లు పెట్టినప్పుడు మీటే వాడండి. ఒక వైపు అయ్యాక ముల్లును వెనకనుంచి ముందుకి, అంటే మీ వైపుకి, బ్రష్షుతో ఒకసారి తుడవండి. అటూ ఇటూ కాదు, నోటితో ఊదడం అసలు వద్దు.

ఆంప్లిఫయరులో మోనో మీట ఉంటే 78లకి అది నొక్కండి, గరగర చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. పాత 78లు మూగగా అనిపిస్తే ట్రెబుల్ కాస్త పెంచండి.

తేడా వస్తే ఎక్కడ చూడాలి

*స, శ, ష అక్షరాలు చిరిగినట్టు వస్తున్నాయి.* ముందు ముల్లు మొన చూడండి, దూది ఉండలా దుమ్ము ఉంటుంది. శుభ్రంగానే ఉంటే బరువు. అదీ సరిపోతే కార్ట్రిడ్జ్ వంకరగా బిగించి ఉండొచ్చు. ప్రొట్రాక్టర్ కాగితాన్ని (కార్ట్రిడ్జ్ వంకర చూసే గీతల పటం) వంద శాతం సైజులో అచ్చు వేసి, స్కేలుతో కొలిచి, దాని మీద సరిచేయండి. లోపలి చివరి పాటలోనే చిరుగుతుంటే ముందు దీన్నే అనుమానించండి.

*ఒకే చరణం తిరిగి తిరిగి వస్తోంది.* టార్చితో ఆ చోటు చూడండి. సాధారణంగా ఒక గట్టి రేణువు ఉంటుంది. కడిగే నీళ్లు ఒక చుక్క వేసి రెండు నిమిషాలాగి మెత్తటి గుడ్డతో గాడి వెంటే తుడవండి. ప్లేయరు చేయి మీద రూపాయి బిళ్ళ పెట్టే పాత చిట్కా ఉంది చూశారూ, వద్దు. బిళ్ళ 3 నుంచి 5 గ్రాములు తూగుతుంది. 2 గ్రాములు పడాల్సిన చోట అంత బరువు పడితే ముల్లు ఆ గాడి దాటుతుంది, అన్ని గాళ్ళనూ గీసుకుంటూ దాటుతుంది.

*ఒక స్పీకరే మోగుతోంది.* ఎరుపు, తెలుపు తీగలను తారుమారు చేయండి. మూగబోయిన వైపు మారితే తప్పు ప్లేయరు దగ్గర, మారకపోతే ఆంప్లిఫయరు దగ్గర. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు సన్నటి తీగల్లో ఒకటి ఊడటం మామూలే.

*ఎర్తు బిగించినా గుయ్‌మంటోంది.* మూడు పిన్నుల సాకెట్టులో ఎర్తు నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్ళలో కన్నం ఉంటుంది, తీగ ఉండదు.

9. ఫోన్‌లోకి ఎక్కించుకోవాలంటే

లాప్‌టాప్ పక్కన హెడ్‌ఫోన్ కన్నంలో తగిలించకండి. అది ఒకే చానల్ మైకు కోసం. యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (పాటను కంప్యూటరులోకి పంపే చిన్న పెట్టె) గానీ, యూఎస్‌బీ ఉన్న ప్లేయరు గానీ కావాలి. సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ, ఉచితమే. 44,100 హెర్ట్జ్, 24 బిట్లు పెట్టుకోండి. ప్లేటులో అన్నిటికంటే గట్టిగా ఉన్న చోట మీటరు −6 దగ్గర ఆగేలా లెవెల్ సర్దండి. సున్నా తాకిందంటే ఆ ముక్క పగిలిపోయింది, మళ్ళీ తీయాల్సిందే. చార్జరు తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే రొద తగ్గుతుంది.

78 వేగం లేని ప్లేయరే ఉంటే 78 ముల్లు పెట్టి 45 మీద రికార్డు చేసి, ఆడాసిటీలో వేగం మార్చే ఎఫెక్టులో 45 నుంచి 78 అని ఎంచుకోండి. స్వరం కొంచెం తేడాగా వస్తుంది, ట్రెబుల్ సర్దుకోవాలి.

ముందు ముడి రికార్డింగును ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గని ఫైలు రకం) దాచండి, శబ్దం తగ్గించడం లాంటివన్నీ దాని నకలు మీద. శబ్దం మరీ ఎక్కువ తగ్గిస్తే గరగరతో పాటు హార్మోనియం కూడా పోయి, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఫైలు పేరులో లేబుల్ మీది నంబరు, ఏ వైపో రాయండి. లేబుల్ ఫొటో అదే ఫోల్డరులో పెట్టండి.

10. దాచడం

నిలబెట్టే. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగున ఉన్న లక్క ప్లేటు ఏదో ఒక రోజు పగులుతుంది. లోపలి కవర్లు పాలీప్రొపిలీన్‌వి కొనండి. మెత్తటి పీవీసీ కవర్లు ఏళ్ళు గడిచేసరికి వినైల్ మీద పొగమంచు లాంటి మచ్చ వదులుతాయి. బీరువాలో సిలికా జెల్ సంచులు పెట్టి, నారింజ రంగు గింజలు ముదురు ఆకుపచ్చగా మారగానే వేడిచేసి ఆరబెట్టుకోండి. కలరా ఉండలు మాత్రం వేయకండి, ఆ వాసన అట్టకి పట్టిందంటే ఇక వదలదు.

ఇంకొన్ని కొందామనుకుంటే మనకి కోల్‌కతా ఒక్క రాత్రి ప్రయాణం, ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డుల దుకాణాలకి పేరున్న వీధి. టార్చి వెంట తీసుకెళ్ళండి. హౌరాలో రైలెక్కేటప్పుడు 78లను సీటు కింద పడుకోబెట్టకుండా, రెండు గట్టి అట్టల మధ్య బిగించి చేతిసంచిలో నిలువుగా పెట్టుకోండి. ఎల్‌పీలను అట్ట కవరు లోంచి తీసి, లోపలి కవరుతో సహా దాని పక్కనే పెట్టి కట్టండి. లేకపోతే దారి కుదుపులకి ప్లేటు అంచు అట్ట అతుకును చీల్చుకుని బయటికొస్తుంది.